సముద్రప్రవాహమాపకములు - వాని విద్యుదాధారములు

సముద్రములోని నీరు ఏ దిక్కునకు, ఎంత వడితో కదలుచున్నదో కనిపెట్టి వ్రాసియుంచు పరికరమునకు ప్రవాహమాపకమని పేరు. తీరమునకు దూరముగా, నీటి అడుగున, మనుష్యుని చేయి సోకని చోట అది మాసముల తరబడి ఒంటరిగా పనిచేయవలసియుండును. ఆ కాలమంతయు దానికి కావలసిన విద్యుచ్ఛక్తి ఎక్కడనుండి వచ్చును? ఈ ప్రశ్న యంత్రశాస్త్రజ్ఞులదే కాని భాషాసాహిత్యములను బోధించువారిది కాదని తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. సముద్రశాస్త్రము నభ్యసించు ఒక పరిశోధక విద్యార్థి కొన్ని సంవత్సరముల క్రిందట తెలుగున ఒక చిన్న పుస్తకము వ్రాసి, భాష దిద్దుడని నాయొద్దకు తెచ్చెను. అందొక వాక్యమును నేను "ప్రవాహము తగ్గినచో పరికరము ఆగిపోవును" అని సవరించితిని. అతడు వ్రాసినది "విద్యుత్ప్రవాహము". ఆ పుటలో "విద్యుత్" అను మాట పదేపదే వచ్చుచున్నదని నేనే దానిని తొలగించితిని. పుస్తకము అచ్చైన పిదప చదివినవారు సముద్రము నెమ్మదించినపుడెల్ల పరికరము పనిమానునని అర్థము చేసికొనిరి. శైలి బాగుపడినది, శాస్త్రము చెడినది. ఆ తప్పు దిద్దుకొను ప్రయత్నములో తెలిసికొన్న విషయములే ఈ వ్యాసమునకు ఆధారము. ఇందు "ప్రవాహము" అనినచో సముద్రజలముయొక్క కదలిక అనియే గ్రహింపవలయును. విద్యుత్తు విషయమున "విద్యుద్ధార" అను మాటనే వాడుదును.

తొలినాటి ప్రవాహమాపకములకు విద్యుత్తుతో పనిలేదు. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో స్వీడన్ దేశీయుడు వాల్ఫ్రిడ్ ఎక్మన్ నిర్మించిన పరికరము ఇందులకు చక్కని ఉదాహరణము. ఓడనుండి తీగతో దానిని దింపుదురు. తీగవెంట ఒక బరువును జారవిడిచినచో అది పోయి తగిలి ఒక చక్రమును విడిపించును. నీటి తాకిడికి చక్రము తిరుగును. ఎన్ని చుట్లు తిరిగినదో పండ్లచక్రములు లెక్కించును. అప్పుడప్పుడు ఒక చిన్న లోహపు గుండు జారి, దిక్సూచి ముల్లుమీదుగా దొర్లి, క్రిందనున్న 36 అరలలో ఒకదాన పడును. ఒక్కొక్క అర 10 డిగ్రీల దిక్కునకు గుర్తు. రెండవ బరువు జారవిడిచినంతట చక్రము నిలిచిపోవును. పరికరమును పైకి లాగి గుండ్లు ఏయే అరలలో పడినవో చూచి దిక్కును, చుట్ల సంఖ్యనుబట్టి వడిని నిర్ణయింతురు. ఈ యంత్రమునకు శక్తినిచ్చునది ప్రవాహమే. ఆజ్ఞనిచ్చునది జారుడు బరువు. ఇందు చెడుటకు ఘటము లేదు, తెగుటకు తీగచుట్ట లేదు. కాని ఓడ అక్కడనే నిలిచియుండవలెను, మనుష్యుడు మేలుకొనియుండవలెను. ఓడ వెడలిపోయిన పిమ్మట సముద్రమేమి చేసినదో ఎక్మన్ యంత్రము చెప్పజాలదు.

ఆ లోపమును తీర్చుటకే విద్యుత్తు నీటిలో దిగినది. 1960ల దశకమున నార్వేలో ఇవార్ ఆండేరా రూపొందించిన పరికరము మిగుల ప్రసిద్ధి చెందినది. ఫిన్లండ్ దేశపు సావోనియస్ పేర మెలగు నిలువు చక్రము దానికి అమర్చబడినది. చక్రపు చుట్లను, దిక్సూచి కోణమును, నీటి ఉష్ణోగ్రతను నియతకాలమున కొకసారి అయస్కాంతపు టేపుపై వ్రాసికొనుచు అది మాసముల తరబడి పనిచేసెడిది. ఇందు చక్రమును త్రిప్పుట ఇంకను ప్రవాహముయొక్క పనియే. ఘటము చేయవలసినది లెక్క వ్రాయుట మాత్రమే. కావున చిన్న ఘటమే చాలినది.

నేటి పరికరముల తీరు వేఱు. వానిలో తిరుగు చక్రము లేదు. అవి నీటిలోనికి శబ్దమును పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని వినును. మనవైపు వచ్చుచున్న రైలు కూత హెచ్చుస్థాయిలోను, దూరమగుచున్నపుడు తగ్గుస్థాయిలోను వినబడుట అందఱు ఎఱిగినదే. 1842లో క్రిస్టియన్ డాప్లర్ వివరించిన ఈ ధర్మమే ఇక్కడ ఉపయోగపడుచున్నది. నీటిలో తేలియాడు సూక్ష్మజీవులును, నలుసులును నీటితోపాటే కదలునని భావించి, వానినుండి మరలివచ్చు ధ్వనిస్థాయిలోని మార్పునుబట్టి నీటి వడిని లెక్కింతురు. పరికరము 300 కిలోహెర్ట్జుల ధ్వనిని పంపుచున్నదనుకొందము. నీటిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 1500 మీటర్లు. ధ్వనిరేఖ వెంబడి నీరు సెకనుకు అర మీటరు వడితో కదలినచో, పోవునపుడొకమారు వచ్చునపుడొకమారు మార్పు కలుగుటచేత, మొత్తము భేదము 200 హెర్ట్జులు. 3 లక్షలలో 200! ఇంత స్వల్పభేదమును పట్టుకొనవలెను. ప్రతిధ్వని ఎంత ఆలస్యముగా వచ్చినదో దానినిబట్టి అది ఎంత దూరపు నీటినుండి వచ్చినదో తెలియును. కావున ఒక్క పరికరమే అనేకస్థాయిలలోని ప్రవాహములను ఒకేసారి చెప్పగలదు. ఎక్మన్ కాలమున ఇది ఊహకందని సౌకర్యము. ఈ సౌకర్యమునకు చెల్లింపవలసిన వెల విద్యుచ్ఛక్తి. కూత వేయవలసిన బాధ్యత ఇప్పుడు పరికరముమీదనే పడినది.

ఇక్కడ పరిభాషనుగూర్చి కొంత చెప్పక తప్పదు. మన పాఠశాలల భౌతికశాస్త్ర గ్రంథములలో "శక్తి" అనగా పనిచేయగల నిధి. "సామర్థ్యము" అనగా ఆ నిధిని ఖర్చుచేయు వేగము. వాట్-గంట మొదటిదానికి కొలత, వాట్ రెండవదానికి. కాని వార్తాపత్రికలలోను, అంగళ్లలోను బ్యాటరీయొక్క "సామర్థ్యము" అనగా దానిలో పట్టియున్న నిధి. ఒకే మాట రెండు చోట్ల రెండర్థములు చెప్పుచున్నది. ఇంటిలోని దీపము విషయమున ఈ తికమకవలన నష్టము లేదు. సంవత్సరమునకు సరిపడు నిధిని లెక్కించువాడు మాత్రము ఈ రెంటిని కలిపెనా, లెక్క తలక్రిందులగును. "బ్యాటరీ" అను మాట కథయు ఇట్టిదే. పల్లెలలో చేతిదీపమునకే బ్యాటరీ అని పేరు. అందు వేయునవి సెల్లులు. నేడు సెల్లనినచో ఫోను. గ్రంథములలోని "ఘటమాల" అను మాట ఈ తగవులన్నిటికి దూరముగానున్నది; పైగా అర్థవంతముగా నున్నది. ఘటములను ఒకదాని వెనుక నొకటి పూసలవలె గ్రుచ్చినపుడు వాని వోల్టేజులు కూడును. ప్రక్కప్రక్కన జతపఱచినపుడు మాత్రము మాల అను ఉపమానము చెల్లదని ఒప్పుకొనవలెను.

ఇక లెక్కకు వత్తము. సముద్రశాస్త్రజ్ఞులు విరివిగా వాడు వర్క్‌హార్స్ అను ప్రవాహమాపకములో చేతిదీపపు పెద్ద ఘటములవంటివే 28 ఆల్కలైన్ ఘటములు వరుసగా కూర్చబడియుండును. ఒక్కొక్కటి 1.5 వోల్టులు, కావున క్రొత్త మాల 42 వోల్టులు. ఒక్కొక్క ఘటము 1 వోల్టునకు దిగినపుడు మాల 28 వోల్టులై, ఖర్చైనట్లు లెక్క. ఆ నడుమ దానినుండి లభించు శక్తి, నీరు మిగుల చల్లగానున్నను, సుమారు 450 వాట్-గంటలు. ఇది ఎంత? 9 వాట్ల ఇంటిదీపము నొకదానిని 50 గంటలు వెలిగించును, అంతే. రెండు దినములైన పిమ్మట చీకటి. ఈ నిధితోనే ప్రవాహమాపకము సంవత్సరము గడపవలెను. సంవత్సరమునకు 8760 గంటలు. భాగించినచో సగటున 0.051 వాట్లు మాత్రమే వ్యయము చేయవచ్చును. ఇంత పొదుపు సాధ్యమగుటకు కారణము నిద్ర. పరికరము గంటకొకమారు మేల్కొని, కొన్ని కూతలు వేసి, వినినది వ్రాసికొని, తిరిగి నిద్రించును. నిద్రలో గడియారము మాత్రమే నడచును.

450 వాట్-గంటలను జౌళ్లలో చెప్పినచో 16 లక్షల 20 వేలు. గంటకు 185 జౌళ్లు. నిద్రకును గడియారమునకును గంటకు 18 జౌళ్లు, కూత ఒక్కంటికి ఒకటిన్నర జౌలు అగుననుకొందము. అపుడు గంటకు సుమారు 110 కూతలు వేయవచ్చును. ఈ సంఖ్యలు విషయము తెలియుటకై తీసికొన్నవి. పరికరమునుబట్టి, లోతునుబట్టి మాఱును. ముఖ్యమైన సంగతి వేఱొకటి. ఒక్క కూతవలన వచ్చు కొలత నమ్మదగినది కాదు. ఒంటి కూతలో సెకనుకు 20 సెంటీమీటర్ల దోషముండుననుకొన్నచో, అనేకములైన కూతల సగటు తీసినపుడు దోషము కూతల సంఖ్యయొక్క వర్గమూలమును అనుసరించి తగ్గును. 25 కూతలకు 4 సెంటీమీటర్లు. 100 కూతలకు 2. అనగా దోషమును సగము చేయుటకు నాలుగింతల శక్తి కావలెను. ఈ నియమమునుండి తప్పించుకొనుటకు దారిలేదు. కొలత నిర్దుష్టముగా నుండవలెనన్నచో కాలము తగ్గును. కాలము పెరుగవలెనన్నచో కొలత మోటుపడును. పరికరమును నీట దించుటకు ముందే పరిశోధకుడు ఈ రెంటిలో దేనికెంత త్యాగము చేయవలెనో నిర్ణయించుకొనవలెను. దించిన పిమ్మట మనసు మార్చుకొను వీలులేదు.

ఈ నిర్ణయము ఎంత బరువైనదో మన తీరమునుబట్టియే తెలియును. బంగాళాఖాతపు పడమటి అంచున, ఆంధ్రతీరము వెంబడి సాగు ప్రవాహము సంవత్సరములో దిక్కు మార్చుకొనును. ఫిబ్రవరి మొదలు వేసవి వఱకు అది ఈశాన్యముగా, ఒడిశా వైపు పోవును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు నైరృతిగా, తమిళతీరము వైపు మరలును. 1950ల దశకమున అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి పనిచేసిన కాలమునుండియు ఈ తీరజలములపై పరిశోధన సాగుచున్నది. జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు 2009 నుండి గోపాల్‌పూర్, విశాఖపట్టణము, కడలూరు మున్నగు స్థలముల కెదురుగా, ఖండపు అంచు వాలుపై, లంగరు వేసిన తీగలకు ధ్వనిప్రవాహమాపకములను కట్టి, వానినుండి సంవత్సరముల తరబడి కొలతలు సేకరించిరి. తీగలను పైకి తీసి, ఘటములు మార్చి, తిరిగి దించుటకు ఓడ కావలెను. ఓడ మనము కోరిన దినమున దొరకదు. వేసవిలో దించిన పరికరము మఱుసటి వేసవిలోనే చేతికి వచ్చుననుకొందము. ఘటమాల 8వ నెలలోనే అడుగంటినచో శీతకాలపు ప్రవాహము ఎన్నడు ఆగినదో, ఎన్నడు మరలినదో వ్రాతలో నుండదు. తాళపత్రగ్రంథమున నడుమ ఆకులు పోయినపుడు వేఱొక ప్రతి దొరకునేమోనను ఆశ మనకు ఉండును. సముద్రమునకు ప్రత్యంతరము లేదు. ఆ సంవత్సరపు ప్రవాహము మఱల రాదు.

ఇట్టి స్థితిలో శక్తి హెచ్చుగా పట్టు ఘటములను వెదకుట సహజమే. లిథియం-థయొనిల్ క్లోరైడ్ ఘటమొక్కటి 3.6 వోల్టులిచ్చును, అదే పరిమాణముగల ఆల్కలైన్ ఘటముకంటె సుమారు మూడింతల శక్తి దానిలో నిలువయుండును. చలిలో ఆల్కలైన్ ఘటము మందగించును. లిథియం ఘటము అంతగా మందగింపదు. బంగాళాఖాతమున 1000 మీటర్ల లోతున నీరు సుమారు 7 డిగ్రీల చల్లదనముతో నుండుననుట ఇక్కడ స్మరింపదగును. కాని దీనికి ఒక దుర్గుణము కలదు. చాలకాలము వాడక ఉంచినచో లోపలి లిథియంపై సన్నని పొర యేర్పడును. ఆ పొర ఘటమును ఆత్మక్షయమునుండి కాపాడును గాని, తటాలున హెచ్చు విద్యుద్ధార కోరినపుడు వోల్టేజి కొన్ని క్షణములు పడిపోవును. గంట నిద్రించి ఒక్కసారి కూత వేయు పరికరమునకు ఇది ఇబ్బందియే. అందుచేత కూతకు వలసిన శక్తిని ముందుగా కెపాసిటర్లలో నింపి, ఘటమునుండి మెల్లగా తీసికొను ఏర్పాటు చేయుదురు. అదియును గాక, లిథియం ఘటములను విమానములలో పంపుటకు ప్రమాదవస్తువుల నిబంధనలు వర్తించును. ఓడ బయలుదేరు దినమునకు ఘటములు రేవు చేరకపోవుటయు ఒక విద్యుల్లోపమే కదా!

ఘటమాల కలిగించు చిక్కులలో మిక్కిలి సూక్ష్మమైనది దిక్సూచికి సంబంధించినది. ప్రవాహపు దిక్కును తెలిసికొనుటకు పరికరములో దిక్సూచి యుండును. ఆల్కలైన్ ఘటముల తొడుగు ఉక్కు. ఉక్కు కొంత అయస్కాంతత్వమును పట్టును. ఒక్కొక్క మాలకు అది ఒక్కొక్క విధముగా నుండును. కావున పాత మాలను తీసి క్రొత్తది అమర్చినపుడెల్ల దిక్సూచిని తిరిగి సరిచూడవలెను. చూడకున్న ఏమగును? తీరము వెంబడి ప్రవాహము సెకనుకు 50 సెంటీమీటర్లున్నదనుకొందము. దిక్సూచి 10 డిగ్రీలు తప్పినచో, ఆ ప్రవాహములో సుమారు 9 సెంటీమీటర్లు తీరమునకు అడ్డముగా పోవుచున్నట్లు లెక్కలో కనబడును. నీరు తీరమునుండి లోనికి పోవుచున్నదో, లోనుండి తీరమునకు వచ్చుచున్నదో అను ప్రశ్నకు చేపల ఆహారముతో సంబంధము కలదు. లేని ప్రవాహమును ఉన్నట్లు వ్రాసి, దానికి కారణములు వెదకి, వ్యాసము ప్రకటించు ప్రమాదము కలదు. ఘటము ఖర్చైనచో ఆ సంగతి తెలియును. ఘటము అబద్ధమాడించినచో తెలియదు.

మాలలో ఒక ఘటము ఇతరములకంటె ముందుగా బలహీనపడినచో మఱొక అపాయము కలదు. తక్కిన 27 ఘటములు దానిగుండ విద్యుద్ధారను త్రోయుచునే యుండును. దాని ధ్రువములు తాఱుమాఱై, లోపల హైడ్రోజను వాయువు పుట్టును. పరికరపు గుల్ల నీటి ఒత్తిడికి తట్టుకొనునట్లు గట్టిగా మూయబడినది. బయట ప్రతి 10 మీటర్లకు ఒక వాయుమండలపు ఒత్తిడి చొప్పున సముద్రము నొక్కుచున్నంతవఱకు లోపలి వాయువు సంగతి ఎవరికిని తెలియదు. ఓడపైకి తెచ్చిన పిమ్మట లోపలి ఒత్తిడియే మిగులును. అందుచేత చాలకాలము నీట నుండి వచ్చిన పరికరపు మూతకు ఎదురుగా నిలువరాదనియు, బోల్టులను ఒక్కసారి ఊడదీయక కొంచెము కొంచెముగా వదులు చేయవలెననియు తయారీదారులు హెచ్చరింతురు. నీరు లోపలికి చొచ్చిన పరికరము విషయమున ఈ జాగ్రత్త మఱింత అవసరము.

ఇన్ని చిక్కులున్నపుడు తీరమునుండియే తీగ లాగి విద్యుత్తు నేల సరఫరా చేయరాదు? రేవులలోను, నదీముఖములలోను, తీరమునకు దగ్గఱనున్న చోట్లను ఇట్లే చేయుదురు. కొలతలుకూడ అదే తీగలో అప్పటికప్పుడు వచ్చుట పెద్ద లాభము. కాని తీగ తన సుంకమును తాను వసూలు చేయును. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగకు కిలోమీటరునకు నిరోధము సుమారు 18 ఓములు. పరికరము 200 మీటర్ల దూరముననున్నచో పోవుటకు వచ్చుటకు కలిపి 400 మీటర్లు. నిరోధము 7 ఓములకు పైచిలుకు. కూత వేయు క్షణమున 2 ఆంపియర్లు కావలసినచో తీగలోనే 14 వోల్టులు నష్టము. ఒడ్డున 24 వోల్టుల ఆధారముంచినచో పరికరమునకు చేరునది 10 వోల్టులు మాత్రమే. వర్క్‌హార్స్ పనిచేయుటకు కనీసము 20 కావలెను. కావున అది మేల్కొని, కూత వేయబోయి, వెంటనే ఆగిపోవును. అదే 48 వోల్టుల ఆధారమైనచో 34 మిగులును, పని జరుగును. దూరము పెరిగినకొలది వోల్టేజి పెంచుటయే మార్గము. కెనడా పడమటి తీరమున 2009లో పనిచేయ నారంభించిన నెప్ట్యూన్ అను సముద్రగర్భ పరిశీలనాజాలమున 800 కిలోమీటర్ల తీగలో 10,000 వోల్టుల విద్యుత్తును పంపి, అడుగున కూడలులయొద్ద 400 వోల్టులకు దించి, పరికరములకు పంచుచున్నారు. అట్టి ఏర్పాటు ఒక పరికరముకొఱకు చేయునది కాదు. తీగకు వల తగులును, లంగరు తగులును, గొలుసు ఒరయును. సంధిలో ఉప్పునీరు చేరినచో ధనధ్రువపు లోహము కొద్దిదినములలో కరగిపోవును.

"లోపలి ఘటమాల, బాహ్యాధారము" అను విభాగము చదువుటకు తీరుగా నున్నది గాని, మన వ్యాకరణములలోని కొన్ని విభాగములవలె వాడుకలో నిలువదు. ఘటమాలను వేఱొక గుల్లలో పెట్టి, పొట్టి తీగతో పరికరమునకు తగిలించు పద్ధతి కలదు. అది ఘటమాలయు, బాహ్యాధారమును కూడ. అట్టి గుల్లలో ఎక్కువ ఘటములు పట్టును. ఉక్కు దిక్సూచికి దూరమగును, వాయుభయమును పరికరమునుండి తొలగును. నీటిపైన తేలు బోయాలకు సౌరఫలకములు, తిరిగి నింపదగిన ఘటములు అమర్చి క్రిందికి విద్యుత్తు పంపు పద్ధతియు కలదు. కాని నీటిపైనున్న వస్తువునకు తుపానును, మనుష్యుడును శత్రువులు.

రెండాధారములు కలసియున్నపుడు ఏది పనిచేయును? వర్క్‌హార్స్ వంటివి దేని వోల్టేజి హెచ్చో దానినుండి తీసికొనును. ఈ చిన్న నియమము తెలియక పోగొట్టుకొన్న శక్తి తక్కువ కాదని విన్నాను. పరికరములో 42 వోల్టుల క్రొత్త మాల నమర్చి, ప్రయోగశాలలో పరీక్షించుటకు 24 వోల్టుల బాహ్యాధారమును తగిలింతురు. ఆధారపు దీపము వెలుగుచునే యుండును. పరీక్షించువాడు నిశ్చింతగా నుండును. ఖర్చగుచున్నది మాత్రము సముద్రమునకై దాచిన మాల. 48 వోల్టుల ఆధారమును తగిలించినపుడే మాల విశ్రమించును, 50 దాటరాదు. తీరపు తీగతో నడచు పరికరములకు ఇదే నియమము మేలు చేయును. పైనుండి వచ్చు 48 వోల్టులు ఆగిపోయిన క్షణముననే లోపలి మాల బాధ్యత వహించును, వ్రాత తెగదు.

పుస్తకపు రెండవ కూర్పునకు ఆ విద్యార్థి తన వాక్యమును తిరిగి వ్రాసి తెచ్చెను: "ఘటమాల వోల్టేజి 20 కంటె తగ్గినచో, సముద్రము ఎంత వడిగా పాఱుచున్నను పరికరము ఆగిపోవును." చదివి, ఏమియు మార్చక, అచ్చునకు పంపితిని.